ఫలమూ, అనుబంధమూ, ఒక వాల్వూ

భగవద్గీత రెండో అధ్యాయంలోని 47వ శ్లోకం వినని తెలుగువాళ్లు అరుదు. కొందరు ఘంటసాల గొంతులో విన్నారు, కొందరు క్యాలెండరు బొమ్మ కింద చదివారు, కొందరు ఆఫీసు గోడకు వేలాడే పటంలో రోజూ చూస్తున్నారు. అందరికీ గుర్తున్న సారం ఒక్కటే: పని చేయడం వరకే నీ అధికారం, ఫలం నీది కాదు. అయితే ఈ మాట మనకు ఎప్పుడు గుర్తొస్తుందో గమనించాలి. పని మొదలుపెట్టేటప్పుడు కాదు, చాలాసార్లు అది చెడిపోయాక గుర్తొస్తుంది. కల్వర్టు కుంగినప్పుడో, కట్టిన గోడ పగులిచ్చినప్పుడో ‘మన పని మనం చేశాం, ఆపైన మన చేతుల్లో ఏముంది’ అంటాం. బాధలో ఉన్నవాడు ఓదార్పు కోసం అనుకుంటే తప్పు పట్టలేం. చేతులు దులుపుకోవడానికి అన్నప్పుడు మాత్రం ఒక ప్రశ్న అడగక తప్పదు. ఫలం కోరకుండా పని చేయడమంటే, ఆ పని రేపు ఎవరి మీద పడుతుందో చూడకుండా చేయడమేనా? ఈ ప్రశ్నను కురుక్షేత్రంలో కాకుండా, సహజ వాయువును ద్రవంగా మార్చే కర్మాగారానికి వాల్వులు ఎంచే బల్ల దగ్గర పెట్టి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. యుద్ధంలో ఆవేశం ఉంటుంది, ఎదుట బంధువులు ఉంటారు, శంఖాలు మోగుతుంటాయి. ఇక్కడ అవేవీ లేవు. ఒక ఇంజినీరు, ఒక డేటాషీట్, నింపవలసిన కొన్ని గడులు. ఆ గడిలో రాసింది సరైనదో కాదో తేలేసరికి ఇరవై ఏళ్లు గడవవచ్చు, తేల్చుకోవలసింది అతను ఎన్నడూ చూడని మనుషులు కావచ్చు. కర్మకూ ఫలానికీ మధ్య ఇంత దూరం ఉన్న పనులు తక్కువ.

సహజ వాయువులో ప్రధాన భాగం మీథేన్. మామూలు వాతావరణ పీడనం దగ్గర దాన్ని సుమారు మైనస్ 162 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే ద్రవమవుతుంది, పరిమాణం దాదాపు 600వ వంతుకు తగ్గుతుంది. ఖతార్‌లోని రాస్ లఫాన్ మొదలుకొని అమెరికా, ఆస్ట్రేలియా తీరాల దాకా ఉన్న ద్రవ సహజ వాయువు (ఎల్‌ఎన్‌జి) కర్మాగారాలన్నీ ఈ ఒక్క లెక్క మీద నిలబడ్డాయి. కానీ ఆ చలిలో లోహాల స్వభావం మారిపోతుంది. మనం రోజూ చూసే కార్బన్ స్టీలు సాగే గుణం పోగొట్టుకుని, దెబ్బ తగిలితే గాజులా పగులుతుంది. నికెల్, క్రోమియం కలిసిన ఆస్టెనిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆ జబ్బు లేదు, దాని పరమాణువుల అమరికే వేరు. అయినా అది ముడుచుకోకుండా ఉండదు. గది ఉష్ణోగ్రత నుంచి అక్కడికి దిగేసరికి మీటరుకు సుమారు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది. వాల్వు సీటుకు వాడే టెఫ్లాన్ దానికి ఎన్నో రెట్లు ముడుచుకుంటుంది. అంటే వర్క్‌షాపులో చుక్క కారకుండా మూసుకున్న వాల్వే చలిలోకి వెళ్లాక తన భాగాల మధ్య తానే సందులు చేసుకుంటుందన్నమాట. అందుకే ఇంత చలికి వాడే క్రయోజెనిక్ వాల్వుకు మెడ పొడుగు. బానెట్‌ను, అంటే వాల్వు పై మూతను, పైకి సాగదీసి, తిప్పే కాడ చుట్టూ ఉండే ప్యాకింగ్‌ను చలికి అందకుండా ఎత్తులో పెడతారు. మెడలోకి ఎగబాకిన ద్రవం కాస్త ఆవిరై అక్కడే నిలిచిపోతుంది. ఆ ఆవిరే చలికి అడ్డుగోడ. అందువల్లే వాల్వును నిటారుగా గానీ, మహా అయితే 45 డిగ్రీల వాలుతో గానీ అమర్చాలంటారు. పడుకోబెట్టి బిగిస్తే ద్రవం నేరుగా ప్యాకింగ్‌ను తాకుతుంది, అంత పొడుగు మెడ పెట్టించినదంతా దండగ అవుతుంది.

ఇన్ని జాగ్రత్తల్లో వాదానికి బాగా పనికొచ్చేది ఒకటుంది. బాల్ వాల్వు మూసినప్పుడు లోపలి బంతికీ బయటి దేహానికీ మధ్య ఖాళీలో కొంత ద్రవం చిక్కుకుంటుంది. బయటి వేడి కొద్దికొద్దిగా లోపలికి పాకుతూనే ఉంటుంది, ఎంత ఇన్సులేషన్ చుట్టినా దాన్ని పూర్తిగా ఆపలేం. చిక్కిన ద్రవం ఆవిరి కావాలంటే 600 రెట్ల చోటు కావాలి. ఆ చోటు లేదు. పీడనం పెరిగి పెరిగి వాల్వు దేహాన్నే చీల్చగలదు. దీనికి మందు చాలా చిన్నది. బంతికి ఎగువ వైపు ఒక సన్నని రంధ్రం పెడతారు, లేదా పీడనం మించితే తానే వదిలే సీటు పెడతారు. రంధ్రం పెట్టిన వాల్వు ఒక దిశలోనే పనిచేస్తుంది, అందుకని దాని మీద బాణం గుర్తు ఉంటుంది. ఏమీ జరగనప్పుడు కూడా, అంటే వాల్వు మూసి ఉండి, మనుషులు నిద్రపోతున్నప్పుడు కూడా లోపల ఏదో జరుగుతూనే ఉంటుందని ఊహించినవాడే ఆ రంధ్రం అడుగుతాడు. 2022 జూన్ 8న టెక్సస్ తీరంలోని ఫ్రీపోర్ట్ ఎల్‌ఎన్‌జి కర్మాగారంలో పనిచేసింది ఇదే సూత్రం, పెద్ద ఎత్తున. ఒక సేఫ్టీ వాల్వును పరీక్షించాక, దాన్ని గొట్టంతో కలిపే మరో వాల్వును తిరిగి తెరవకుండా వదిలేశారు. మూసిన వాల్వుల మధ్య 18 అంగుళాల గొట్టంలో ఎల్‌ఎన్‌జి చిక్కుకుంది, మెల్లగా వేడెక్కింది, వ్యాకోచించింది, గొట్టం పగిలి మంటల గోళం లేచింది. అదృష్టం కొద్దీ ప్రాణాలు పోలేదు. ఎగుమతులు మళ్లీ మొదలు కావడానికి 2023 ఫిబ్రవరి దాకా పట్టింది. పీడనం వదలడానికి పెట్టిన వాల్వు అక్కడ ఉండనే ఉంది. దానికి దారి మూసి ఉందన్న సంగతే ఎవరి కంటా పడలేదు.

ఇప్పుడు గీతకు వద్దాం. ఫలాపేక్ష వద్దన్న గ్రంథం పర్యవసానాన్ని కూడా వద్దన్నదని మనం అనుకోవడానికి కారణం, రెండో అధ్యాయాన్ని పట్టుకుని పద్దెనిమిదో అధ్యాయాన్ని వదిలేయడమే. అక్కడ 23, 24, 25 శ్లోకాల్లో కర్మను మూడు రకాలుగా విడదీశారు. ఆసక్తీ ఫలాపేక్షా లేకుండా చేసేది సాత్వికం. కోరికతో, అహంకారంతో, పడరాని పాట్లు పడి చేసేది రాజసం. మూడోది తామసం. ఏమిటా తామసం? అనుబంధాన్ని, క్షయాన్ని, హింసను, పౌరుషాన్ని లెక్కచేయకుండా మోహంతో మొదలుపెట్టే పని. ఇందులో రెండు మాటలు తెలుగులో అర్థం మారి మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. మనకు అనుబంధం అంటే అన్నాచెల్లెళ్ల ఆప్యాయత, లేదా ఆదివారం పత్రికతో వచ్చే పుస్తకం. శ్లోకంలో అది పని వెనకాల కట్టుకుని వచ్చే పర్యవసానం. పౌరుషం అంటే మనకు మీసం మెలేయడం. అక్కడ అది తన శక్తి ఎంతో తెలుసుకోవడం. ఈ నాలుగింటినీ వాల్వు ఎంపిక మీద పెట్టి చూస్తే డేటాషీట్ గడులు గుర్తుకు రాక మానవు. అనుబంధమంటే మూసిన వాల్వులో చిక్కుకున్న ద్రవం రేపు ఏం చేస్తుందన్నది. క్షయమంటే ఎంత వాయువు కారిపోతుంది, ఎన్నాళ్లకు సీటు అరుగుతుందన్నది. హింస అంటే అది పగిలితే పక్కన ఎవరుంటారన్నది. పౌరుషమంటే ఈ లోహం ఇంత చలిని తట్టుకోగలదా, ఈ సిబ్బంది దీన్ని నడపగలరా అన్నది. నాకు ముఖ్యంగా తోచేది మరొకటి. ఫలం కోరడం, పర్యవసానం చూడకపోవడం అనే రెండు దోషాలనూ గీత ఒకే పెట్టెలో పెట్టలేదు. కోరికను రజోగుణం కిందా, చూపులేమిని దానికన్నా హీనమైన తమోగుణం కిందా వేసింది. ఒకటి మానుకోవడానికి రెండోది దారి అవుతుందని ఎలా చదవగలం? చేతులు దులుపుకునేవాడు నిష్కామకర్మి కాడు, గీత లెక్కలోనే తామసుడు.

గాంధీజీ ఈ తేడాను స్పష్టంగా పట్టుకున్నారు. 1929లో కౌసానిలో ఉండగా తన గీతానువాదం ‘అనాసక్తి యోగం’కు రాసిన ముందుమాటలో, ఫలత్యాగమంటే ఫలితం పట్ల ఉదాసీనత కాదన్నారు. ప్రతి పనికీ ఏం ఫలితం వస్తుందో, దానికి సాధనాలేమిటో, తనకు ఆ శక్తి ఉందో లేదో తెలుసుకుని, ఆ తర్వాత కోరిక లేకుండా పనిలో మునగాలన్నది ఆయన భావం. నా వాదం దీనికన్నా ఒక అడుగు ముందుకు పోతుంది. ఫలం మీద ఆశా, పర్యవసానం మీద చూపూ కేవలం వేరువేరు కావు. చాలాసార్లు మొదటిదే రెండోదాన్ని కప్పేస్తుంది. వాల్వు ఎంచేవాడికి ఏ ఫలాలు అందుబాటులో ఉంటాయో చూడండి. ధర తగ్గించాడన్న మెప్పు, గడువులోపు ఆర్డరు పెట్టాడన్న పేరు, కిందటి ప్రాజెక్టులో తాను రాసిందే సరైనదని నిరూపించుకునే తృప్తి. ఇవన్నీ ఆ ఏడాదే చేతికొచ్చేవి. వాల్వు ముప్పై ఏళ్లు పగలకుండా నిలిచిందని మాత్రం ఎవరూ అతనికి సన్మానం చేయరు. జరగని ప్రమాదానికి ఊరేగింపు ఉండదు. కాబట్టి చేతికందే ఫలాల మీద కన్ను వేస్తే, చేతికందని అనుబంధం కనుచూపు నుంచి జారిపోతుంది. 1944 అక్టోబరు 20న అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో జరిగినది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అక్కడ 1941లో కట్టిన వాయు ద్రవీకరణ కేంద్రంలో మూడు గోళాకార ట్యాంకులు బాగానే పనిచేశాయి. అవసరం పెరిగి, యుద్ధకాలంలోనే నాలుగోదాన్ని స్తూపాకారంలో కట్టారు. దాని లోపలి తొట్టికి వాడింది 3.5 శాతం నికెల్ ఉన్న ఉక్కు. అది ఆ చలికి పెళుసు. ట్యాంకు చీలింది, ద్రవం వీధుల్లోకీ మురుగు కాల్వల్లోకీ పారింది, ఆవిరై అంటుకుంది. సుమారు 130 మంది చనిపోయారు. తర్వాతి దశాబ్దాల్లో 9 శాతం నికెల్ ఉక్కు ఇలాంటి ట్యాంకులకు మామూలైంది. ఆ నాలుగో ట్యాంకు కట్టినవాళ్లను దుర్మార్గులనలేం. యుద్ధం, కొరత, చలికాలానికి గ్యాసు అందించాలన్న తొందర వాళ్ల ముందున్నాయి. కావలసిన ఫలం మంచిదే. దాని మీద ఎంత మంచి ఆశ పెట్టుకున్నా ఉక్కు తన స్వభావం మార్చుకోదు కదా.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. గీతలో నీకు అనుకూలమైన శ్లోకాన్ని ఏరుకున్నావు, అసలు కథ మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. మొదటి అధ్యాయంలోనూ, రెండోదాని మొదట్లోనూ పర్యవసానాల గురించి మాట్లాడినవాడు అర్జునుడే. కులం నశిస్తుంది, ధర్మం చెడుతుంది, గెలిచినా ఆ రాజ్యం నెత్తుటితో తడిసినదే అని లెక్క చెప్పాడు. కృష్ణుడు ఆ లెక్కను పక్కన పెట్టించి యుద్ధానికి లేపాడు. అమర్త్య సేన్ 2009లో వచ్చిన ‘ది ఐడియా ఆఫ్ జస్టిస్’లో ఈ మాటే అంటారు. కర్తవ్యం పేరుతో పర్యవసానాన్ని తోసేయడం కన్నా అర్జునుడి సందేహంలోనే విలువైనది ఉందని ఆయన పక్షం. యుద్ధం ముగిశాక మిగిలిన శ్మశానం చూసినవాళ్లు ఆ మాటను తేలిగ్గా కొట్టేయలేరు. నేనూ కొట్టేయను. అర్జునుడి ప్రశ్నకు రెండో అధ్యాయంలో పూర్తి జవాబు దొరకదనే నా అభిప్రాయం. ఆత్మ చావదన్న సమాధానం, వితంతువు ఎలా బతకాలన్న ప్రశ్నకు సమాధానం కాదు. అయితే కృష్ణుడు పర్యవసాన విచారాన్నే నిషేధించాడనడం మూడో అధ్యాయం చదివినవాళ్లకు కుదరదు. అక్కడ ఆయన తన గురించి తానే చెప్పుకుంటూ, తాను పని మానేస్తే లోకాలు చెడిపోతాయంటాడు. లోకసంగ్రహం కోసం పని చేయమంటాడు. ఇది అచ్చంగా పర్యవసానం మీద కట్టిన వాదం. కాబట్టి గీత లోపల రెండు గొంతులు ఉన్నాయనుకోవచ్చు, లేదా ఒకే గొంతు రెండు సందర్భాల్లో మాట్లాడిందనుకోవచ్చు. ఏదైనా సరే, కళ్లు మూసుకుని పనిచేయమన్న ఒక్క గొంతు మాత్రమే ఉందనడానికి వీల్లేదు. పైగా, అర్జునుడి వెనకడుగులో నా వాళ్లు అన్న మమకారమూ కలిసి ఉంది. అవతలివాళ్లు పరాయివాళ్లయితే ఆ లెక్క అంత గట్టిగా గుర్తొచ్చేదా? వాల్వు ఎంచేవాడు అర్జునుడి కన్నా కష్టమైన పరీక్షలో ఉన్నాడని అనిపించేది ఇక్కడే. అతని అనుబంధంలో తాతలూ గురువులూ లేరు. అందరూ ముఖం తెలియనివాళ్లే. వాళ్ల కోసం కూడా అంతే గట్టిగా లెక్క వేయగలగాలంటే మమకారం ఒక్కటీ చాలదు.

ఇంకొకరు ఇంకోలా అడుగుతారు. పర్యవసానాలకు అంతు ఉందా? దిగువన పదో మలుపు దాకా ఊహించాలంటే ఎవడూ ఏ వాల్వునూ ఎంచలేడు, ఏ పనీ మొదలు కాదు. నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అని ఒక నమ్మకంతో అడుగు వేయవలసిందే కదా? ఈ అభ్యంతరానికి కర్మాగారమే మంచి జవాబు ఇస్తుంది. క్రయోజెనిక్ వాల్వును ఆమోదించే ముందు ద్రవ నైట్రోజన్‌లో, అంటే మైనస్ 196 డిగ్రీల దగ్గర ముంచుతారు. ఉష్ణోగ్రత నిలకడగా కుదిరేదాకా ఆగుతారు. ఆ తర్వాత హీలియం పంపి, మూసిన వాల్వు గుండా ఎంత కారుతుందో కొలుస్తారు. హీలియమే ఎందుకంటే, అది ఆ చలిలోనూ ద్రవం కాదు, సన్నని సందులోంచి కూడా దూరుతుంది. పని చేయవలసిన చోటు మైనస్ 162 కాగా, పరీక్ష దానికన్నా 34 డిగ్రీల కింద జరుగుతుంది. ఇందులో నాకు నచ్చేది, ఆ పరీక్షలో సున్నా కావాలని ఎవరూ పట్టుబట్టకపోవడం. బ్రిటన్‌లో వచ్చిన బీఎస్ 6364 ప్రమాణం గానీ, తర్వాతి ఐఎస్ఓ 28921 గానీ చలిలో ఇంత లీకేజీ దాకా సరేనని పరిమాణాన్ని బట్టి హద్దు గీస్తాయి. టెఫ్లాన్ సీటు గది ఉష్ణోగ్రతలో ఒక్క బుడగ కూడా రానీయదు, చలిలో అంత కచ్చితంగా నిలవలేదు. ఆ సంగతి తెలిసి, ఒప్పుకుని, కొలిచి, హద్దు పెట్టారు. పౌరుషాన్ని లెక్కచూడడం అంటే ఇదే అనుకుంటాను. చేయగలిగినది చేసి, చేయలేనిది ఎంతో కూడా కొలిచి రాయడం. అంతులేని భయం, అంతులేని భరోసా రెండూ కొలత తెలియనివాళ్ల జబ్బులే. నీరు పోసేవాడి మీద నమ్మకం ఉండొచ్చు, కానీ తూము తెరిచే ఉందో లేదో చూసి రావడం ఆ నమ్మకానికి అవమానమేమీ కాదు. గీత 18వ అధ్యాయం 14వ శ్లోకంలో ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పారు. ఆధారమైన స్థానం, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. దైవానికి చోటు ఉంది, కాదనలేదు. కానీ అది చివర వచ్చే ఐదోది. ముందున్న నాలుగింటిని ఎగ్గొట్టి నేరుగా అక్కడికి దూకినవాడు దైవాన్ని గౌరవించినట్టు కాదు, దాని నెత్తిన తన బరువు వేసినట్టు.

ఆ ఐదు కారణాల మాటే మరో అభ్యంతరానికి దారి తీస్తుంది. పని ఇంతమంది చేతుల మీదుగా జరిగితే ఎంచినవాడిని ఒక్కడినే ఎలా నిలదీస్తాం? ఫౌండ్రీలో పోతపోసినవాడు, వెల్డింగు చేసినవాడు, బాణం గుర్తు చూసుకుని బిగించవలసినవాడు, రాత్రి డ్యూటీలో అలారం వినవలసినవాడు ఎందరో ఉన్నారు. తిలాపాపం తలాపిడికెడు అన్నట్టు పంచుకుంటే ఒక్కొక్కరికీ మిగిలేది గుప్పెడు కూడా కాదు. 1998 సెప్టెంబరు 25న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో లాంగ్‌ఫర్డ్ గ్యాస్ కేంద్రంలో ఏం జరిగిందో చూస్తే, ఈ పంపకం రెండు వైపులా ఎలా మోసం చేయగలదో తెలుస్తుంది. వేడి నూనెను తిప్పే పంపులు ఆగిపోయాయి. మామూలుగా వేడిగా ఉండే ఒక హీట్ ఎక్స్ఛేంజరు మైనస్ 48 డిగ్రీల దాకా చల్లబడింది, బయట మంచు పేరుకుంది. దాని ఉక్కు ఆ చలికి ఉద్దేశించినది కాదు. కొన్ని గంటల తర్వాత మళ్లీ వేడి నూనె వదిలారు. పెళుసెక్కిన లోహం పగిలింది. ఇద్దరు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు, రాష్ట్రమంతా రెండు వారాలకు పైగా గ్యాసు లేక గడిపింది. విచారణలో సంస్థ వేలు ఆపరేటర్ల వైపు చూపింది. రాయల్ కమిషన్ అది ఒప్పుకోలేదు. చల్లబడిన ఉక్కు పెళుసవుతుందని వాళ్లకు శిక్షణే ఇవ్వలేదని, ఆ ప్లాంటులో జరగవలసిన ప్రమాద అధ్యయనం జరగనే లేదని తేల్చింది. గీత అదే 18వ అధ్యాయంలోని 16వ శ్లోకం ఇలాంటి చోట గుర్తొస్తుంది. ఇన్ని కారణాలుండగా కేవలం తననొక్కడినే కర్తగా చూసేవాడు సరిగా చూడడంలేదంటుందది. శంకరులు దాన్ని ఆత్మ కర్త కాదని చెప్పడానికి వాడుకున్నారు, ఆ అర్థంతో నాకు పేచీ లేదు. కానీ లాంగ్‌ఫర్డ్ లాంటి చోట అదే శ్లోకం, చివర వాల్వు తిప్పినవాడి మీదే నేరమంతా మోపడాన్ని తప్పుపట్టడానికీ పనికొస్తుంది. కర్తలు ఎక్కువైన కొద్దీ బాధ్యత పలచబడాలని అందులో ఎక్కడా లేదు. నిజానికి ఎంచేవాడి వంతు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే తన తర్వాత వచ్చే ఆ చేతులన్నీ కూడా అతని అనుబంధంలో భాగమే. బాణం గుర్తు చిన్నదిగా, ఇన్సులేషన్ కింద కనబడకుండా ఉంటే ఎవడో ఒకడు తిప్పి బిగిస్తాడని అతనికి తెలిసి ఉండాలి. నడిపే గాలి సరఫరా ఆగిపోతే కంట్రోల్ వాల్వు తెరుచుకుని ఉండాలా, మూసుకోవాలా అన్న గడి కూడా అతనే నింపుతాడు. తానూ, మరే మనిషీ లేని వేళ ఏం జరగాలో ముందే నిర్ణయించడమది. ఫలానికి అంత దూరంగా, పర్యవసానానికి ఇంత దగ్గరగా ఉండే నిర్ణయం నాకు మరొకటి తోచదు.

ఎంచడం ఒకసారి జరిగి ముగిసేది కాదన్నది కోనసీమ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అది ద్రవీకరణ కేంద్రం కాదు, అక్కడ ఆ చలీ లేదు. కానీ నీరు తొలగించిన పొడి వాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో నీరూ కండెన్సేటూ కలిసిన తడి వాయువు నడిచింది, లోపలి నుంచి ఉక్కును తినేస్తూ పోయింది. గొట్టం ఎంచిననాడు తప్పు జరగకపోవచ్చు. గొట్టంలో పారేది మారిననాడు ఎంపిక మళ్లీ మొదటికొచ్చింది, ఆ సంగతి పట్టించుకోవలసినవాళ్లు పట్టించుకోలేదు. తామస కర్మను నిర్వచిస్తూ గీత వాడిన మోహం అన్న మాటకు ఇంతకన్నా మామూలు, ఇంతకన్నా భయంకరమైన అర్థం ఉండదు. నిన్న బాగానే ఉంది కాబట్టి రేపూ బాగానే ఉంటుందన్న మత్తు అది.

చివరి అభ్యంతరం నా వాదం మీదికే తిరిగి వస్తుంది, దాన్ని తప్పించుకోవాలని లేదు. పర్యవసానం చూడమంటున్నావు, మరి ఆ చూపు వాల్వు అంచు దగ్గరే ఆగిపోతుందా? మంచి వాల్వు ఎంచి నడిపించేది శిలాజ ఇంధనాన్నే కదా? బొగ్గుతో పోలిస్తే సహజ వాయువు కాలినప్పుడు తక్కువ కార్బన్ వదులుతుందన్నది నిజం. కాలకుండా కారిపోయిన మీథేన్ మాత్రం ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే అంతే బరువున్న కార్బన్ డయాక్సైడు కన్నా 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. అందువల్ల ఆ పరిశ్రమ ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు వాల్వు డేటాషీట్ జవాబు చెప్పలేదు. అందులో పనిచేసేవాడు ఆ ప్రశ్న తనది కాదనుకుంటే, నేను ఇంతసేపూ విమర్శించిన పనే అతనూ చేసినట్టు. నిష్కామకర్మ అతన్ని ఆ ప్రశ్న నుంచి విడిపించదు. రాజీనామా చేయమనీ చెప్పదు. అక్కడ ప్రతి మనిషీ తన పౌరుషం, అంటే తన శక్తి, ఎంతవరకో చూసుకోవాలి. అయితే అనుబంధం అనే గడి కాలంతో పాటు పెద్దదవుతూ వచ్చిందని మాత్రం వాల్వుల చరిత్రలోనే కనబడుతుంది. ఒకప్పుడు వాల్వు లోపల, సీటు గుండా ఎంత కారుతుందన్నదే ప్రధానమైన ప్రశ్న. కాడ చుట్టూ ప్యాకింగ్ గుండా బయటి గాలిలోకి జారే సన్నని వాయువు, నిప్పంటుకునేంత లేకపోతే లెక్కలోకి వచ్చేది కాదు. ఆ తర్వాత ఐఎస్ఓ 15848 ప్రమాణం వచ్చింది. వాల్వును వందలసార్లు తెరిచి మూస్తూ, అవసరమైతే వేడికీ చలికీ గురిచేస్తూ, కాడ పక్క నుంచి గాలిలోకి ఎంత పోతోందో హీలియంతోనో మీథేన్‌తోనో కొలిచి తరగతులు నిర్ణయిస్తుంది. ఆ తరగతుల్లో అన్నిటికన్నా బిగువైనదాన్ని అడిగితే ధర పెరుగుతుంది, కాడ తిప్పడం బిగుసుకుంటుంది. లాభం పొందేవాళ్లలో చాలామంది ఇంకా పుట్టలేదు. అయినా కొందరు ఆ గడిలో ఆ తరగతినే రాస్తున్నారు.